వక్కాకు ఎరుపు, గ్లాసు మెరుపు

పోయిన మాఘమాసంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి తిరుచానూరులో జరిగింది. తెల్లవారుజామున ముహూర్తం. సత్రం గదిలో పదిమంది ఆడవాళ్ళం, ఒకటే అద్దం. ఆ గందరగోళంలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒకరి జడ ఇంకొకరి గాజుకు చిక్కుకుంటుంది, పిన్నీసులు మాయమవుతాయి. మా పాప తన బ్యాగులోంచి చిటికెన వేలంత గొట్టం తీసి, "అమ్మా, కదలకు" అని నా పెదవులకు లిప్ గ్లాస్ రాసింది. లేత ఇటుక రంగు. అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, బాగానే ఉన్నాననిపించింది.

అంతలో వరసకు పిన్నమ్మ ఒకావిడ, "ఏం మే, కూతురికి పెళ్ళి చేయాల్సిన వయసులో నీకీ మెరుపులేంది?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కొంగుతో తుడిచేసుకున్నాను. మా పాప ముఖం ముడుచుకుంది. మంచం మూలన శాలువా కప్పుకుని కూర్చున్న మా అత్త మాత్రం ఏమీ అనలేదు. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. మా మామ పోయి పదకొండేళ్ళు. చలికి పెదవులు పగిలి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. కోపం కాదు గానీ, ఒక ప్రశ్న. ఈ వయసులో అంటే ఏ వయసులో? పెదవి రంగుకు వయసు హద్దు ఎప్పుడు, ఎవరు పెట్టారు? ఎప్పుడో బి.ఏ. తెలుగు చదివిన పుణ్యానికి ఇంట్లో నాలుగు కావ్యాలు మిగిలి ఉన్నాయి. దుమ్ము దులిపి తీశాను. అంతకంటే ముందు మా అవ్వ గుర్తొచ్చింది.

మా అమ్మమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. చిత్తూరు దగ్గర పల్లె. ఆమెకు అరవై అయిదు దాటేసరికే పళ్ళన్నీ ఊడిపోయాయి. అయినా వక్కాకు మానలేదు. కొత్తగా చదివేవాళ్ళకు చెబుతున్నా, మా వైపు తాంబూలాన్ని వక్కాకు అంటాం. అరచేతిలో పట్టేంత చిన్న రోలు ఒకటి ఉండేది ఆమెకు. అందులో వక్క, ఆకు, గోరుకొసంత సున్నం, రవ్వంత కాచు వేసి టకటకా దంచి నోట్లో వేసుకునేది. పది నిమిషాలకు పెదవులు పండేవి. మా వీధిలో అందరికంటే ఎర్రటి పెదవులు ఆమెవే. ఇరవయ్యేళ్ళ కోడళ్ళకు కూడా అంత ఎరుపు లేదు. "ఈ వయసులో నీకు పెదవులు ఎర్రగా ఉండాలా ముసలిదానా" అని ఏ ఒక్కరూ అనగా నేను వినలేదు. పైగా పేరంటానికి వెళితే ముందు ఆమెకే ఆకూవక్క అందించేవారు.

ఆ ఎరుపు ఎలా వస్తుందో కాస్త చెప్పాలి. ఆకుది పచ్చ రంగు, సున్నం తెలుపు, వక్క గోధుమ రంగు. విడివిడిగా ఏదీ ఎరుపు కాదు. వక్కలోని వగరుకూ కాచులోని వగరుకూ సున్నం తగిలితే ఎరుపు పుడుతుంది. కాచు అంటే చండ్ర చెట్టు చేవను ఉడికించి గట్టిపరిచినది. సున్నం తక్కువైతే రంగు రాదు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఆ పాళ్ళు మా అవ్వకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నోరు బాగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువ అని గోరింటాకుకు చెప్పినట్టే దీనికీ చెప్పేవారు. 1443లో విజయనగరానికి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ కూడా తమలపాకు గురించి పనిగట్టుకుని రాశాడు. అది ముఖానికి రంగూ కళా తెస్తుందని ఆ పరదేశికి కూడా తోచింది.

ఇక పుస్తకాలు. మాకు బి.ఏ.లో పరిచయమైంది నన్నెచోడుడి కుమారసంభవం. కాళిదాసు సంస్కృత కావ్యాన్ని నేను పెళ్ళయ్యాక, మధ్యాహ్నాలు పిల్లలు నిద్రపోయినప్పుడు, తెలుగు తాత్పర్యం పక్కన పెట్టుకుని చదివాను. అందులో ఏడో సర్గలో పార్వతిని పెళ్ళికూతుర్ని చేస్తారు. స్నానం, ధూపం, కాళ్ళకు లత్తుక, కళ్ళకు కాటుక అన్నీ వరసగా వస్తాయి. అక్కడ ఆమె కింది పెదవి గురించి ఒక శ్లోకం ఉంది. ఆ పెదవికి కొద్దిగా తేనె మైనం రాస్తే అసలు రంగు ఇంకా తేటపడిందట. మొదటిసారి చదివినప్పుడు అది నా కంట పడనే లేదు. ఈసారి చదివితే ఉలిక్కిపడ్డాను. మైనం రాసి పెదవిని మెరిపించడమంటే ఇంకేమిటి? పదిహేను వందల ఏళ్ళకు ముందే పార్వతీదేవికి లిప్ గ్లాస్ వేశాడు కాళిదాసు. అది కూడా కొత్త రంగు పులమకుండా, ఉన్న రంగునే తేటపరిచేది.

వాత్స్యాయనుడి కామసూత్రాల్లో పట్నవాసపు పెద్దమనిషి దినచర్య ఉంది. పుస్తకం పేరు వినగానే ముఖం తిప్పుకోకండి, ఆ అధ్యాయంలో పళ్ళు తోముకోవడం, స్నానం, భోజనం లాంటివీ ఉంటాయి. పొద్దున లేచి, పళ్ళు తోముకుని, మితంగా గంధం పూసుకుని, మైనమూ లత్తుకా రాసుకుని, అద్దంలో ముఖం చూసుకుని, తాంబూలం వేసుకుని అప్పుడు పనుల మీదికి పోతాడట ఆయన. అవును, మగవాడే. దానికి వ్యాఖ్యానం రాసిన యశోధరుడు, పెదవులకు లత్తుకతో ఎరుపు, దానిమీద మైనం అని వివరిస్తాడు. ముందు రంగు, పైన మెరుపు. ఇప్పుడు యూట్యూబులో పిల్లలు చెప్పేదీ అదే వరస.

లత్తుక అంటే లక్క నుంచి తీసిన ఎరుపు. లక్క పురుగు చెట్టు కొమ్మ మీద పెట్టే జిగురు నుంచి వస్తుంది. ఇప్పటి లిప్‌స్టిక్కుల్లో చాలావాటికి ఎరుపునిచ్చే కార్మైన్ కూడా పురుగుదే, కాకపోతే అది అమెరికా ఖండపు నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్ళు డబ్బా వెనక సి.ఐ. 75470 అన్న అంకె ఉందేమో చూసుకోండి. ఉంటే అదే.

మన తెలుగులో పెదవికి ఎన్ని పేర్లో. మోవి, వాతెర, అధరం. ఎర్రటి పెదవికైతే కెమ్మోవి అని విడిగా ఒక మాటే ఉంది. పోలికకు దొండపండు. ఈ తరం పిల్లలకు దొండకాయ వేపుడే తెలుసు గానీ దొండపండు తెలియదు. తీగమీద మరిచిపోయిన కాయ పండితే ఎలా ఉంటుందో చూడండి, ఎరుపుతో పాటు పైన ఒక నిగనిగ ఉంటుంది. ఆ నిగనిగ కోసమే కవులు దాన్ని పట్టుకున్నారని నా అనుమానం. అన్నమయ్య అయితే మన అలమేలుమంగ పెదవికంటిన కస్తూరి మీద ఒక కీర్తనే కట్టాడు. రోజూ పొద్దున టీవీలో వింటూ కూరగాయలు తరుగుతుంటాం కదా, ఆ కీర్తనే.

ఇంత ఎరుపూ మెరుపూ మన దగ్గరే ఉంటే ఇక "ఈ వయసులో" అన్న మాట ఎక్కణ్ణించి వచ్చింది? దీనికి జవాబు కావ్యాల్లో దొరకలేదు. మా అవ్వ దగ్గరే దొరికింది.

నేను ఏడో తరగతిలో ఉండగా తాత పోయాడు. కర్మకాండలు అయ్యాక, అవ్వ బొట్టూ గాజులతో పాటు వక్కాకు కూడా మానేసింది. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ మందలించలేదు. ఆమే మానేసింది. తాంబూలం, తలంటు, కంచు పళ్ళెంలో భోజనం, ఈ మూడూ సన్యాసికీ బ్రహ్మచారికీ విధవకూ కూడవని ధర్మశాస్త్రాల మాట. మా అవ్వ ఏ శాస్త్రమూ చదవలేదు. తన తల్లిని, అత్తను చూసింది, అంతే. ఆ వక్కాకు తిత్తి నా చేతికిచ్చి "చింతగింజలు పోసుకో పో" అంది. సంతోషంగా తీసుకున్నాను. లోపల గుడ్డకు కాచు వాసన చాలాకాలం ఉండింది. అవ్వ పెదవులు నెల తిరక్కుండానే గోధుమ రంగుకు వచ్చాయి. ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికింది.

అంటే చూడండి, మన వైపు పెదవి ఎరుపుకు వయసుతో పనే లేదు. మొగుడితో పని. మొగుడున్నంత కాలం ఎనభై ఏళ్ళకైనా నోరు పండించుకోవచ్చు. అతను పోతే పాతికేళ్ళకైనా కూడదు. దానికి తోడు ఇంకో గీత కూడా ఉండేది. పెదవికి రంగు పూసుకుంటే ఆటగత్తెలా, నాటకాలదానిలా అనేవాళ్ళు. గుడి నాట్యాన్ని నమ్ముకుని బతికిన ఆడవాళ్ళను చులకన చేసిన కాలం అది. తాంబూలంతో వచ్చిన ఎరుపు సౌభాగ్యం, డబ్బాలోంచి వచ్చిన ఎరుపు బరితెగింపు. రెండూ ఎరుపే. వక్కాకు కాస్తా చదువుకున్న ఇళ్ళల్లో నాటువ్యవహారమైపోయి, గోడలమీద ఉమ్ములు చూసి చీదరించుకుని మానేశాక, పెదవికి మిగిలింది ఆ రెండో రకం ఎరుపొక్కటే. దానికి బొమ్మగా మనం చూసిందల్లా సినిమాల్లో ఇరవయ్యేళ్ళ పిల్లలు. అందుకే అది కుర్రపిల్లల సొత్తనుకున్నాం. పాత కట్టుబాటు వేసుకున్న కొత్త చీరే "ఈ వయసులో" అన్న మాట అని నేననుకుంటున్నాను. కాదంటే చెప్పండి.

అలాగని మళ్ళీ వక్కాకు మొదలుపెట్టమని కాదు నా మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో వెలువరించిన నివేదికలో, పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని తేల్చింది. మా అవ్వ ఎరుపు మీద నాకెంత మమకారమున్నా మా పాపకు మాత్రం వక్క అలవాటు చేయను.

నేను మొట్టమొదట లిప్‌స్టిక్ చూసింది ఎవరి పెదవుల మీదో చెబితే నవ్వుతారు. మా మేనమామ పెదవుల మీద.

తిరుపతి వాళ్ళకు ఈపాటికే అర్థమై ఉంటుంది. వేసవి సెలవులకు తిరుపతిలో మా మామ ఇంటికి వచ్చేవాళ్ళం, అప్పుడే తాతయ్యగుంట గంగమ్మ జాతర. తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. గంగమ్మ వెంకన్నకు చెల్లెలంటారు. ఊళ్ళో ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాణ్ణి చంపడానికి ఆ తల్లి రోజుకో వేషంలో వెతికిందని కథ. అందుకే జాతర వారం రోజులూ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండలు, పేరంటాలు వేషం అని వరసగా నడుస్తాయి. ఆ ముఖ్యమైన వేషాలు కైకాల వంశం వాళ్ళవి. కానీ మొక్కున్న మగవాడెవరైనా చీర కట్టి అమ్మవారి దగ్గరికి పోవచ్చు. మా మామ కట్టాడు. అత్త పెళ్ళిపట్టు, సవరం, చేతులనిండా గాజులు, గాంధీ రోడ్డు ఫ్యాన్సీ అంగట్లో కొన్న ఎర్రటి లిప్‌స్టిక్. మీసం అప్పుడే గీసిన పై పెదవి మీద అంత ఎరుపు చూసి నేను జడుసుకుని అమ్మ వెనక దాక్కున్నాను.

ఆ ఇంట్లో ఏ ఆడదానికీ అప్పటిదాకా లిప్‌స్టిక్ లేదు. మొదటిది మామది. జాతర అయ్యాక మా అత్త దాన్ని పారేయలేదు, ట్రంకుపెట్టెలో దాచింది. పండగలప్పుడు దాంతో బొట్టు పెట్టుకునేది. పెదవికి మాత్రం పెట్టుకోలేదు.

మా ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం తిరునాళ్ళలోనూ అంతే. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, పద్దెనిమిది రోజులు. ద్రౌపది మగవాడే, పెదవులు ఎర్రగా పూసుకునే వచ్చేవాడు. ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆవిడ తిరుపతిలో ఉండి గంగమ్మ మీద పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చింది. ఆ వారం రోజులూ ఊరంతా ఆడరూపమైపోతుందన్నది దాని పేరులోనే ఉన్న భావం. ఆవిడ చెప్పిన ఒక సంగతి నాకు బాగా నచ్చింది. మగవాళ్ళు వేషం కట్టి అమ్మవారికి దగ్గరవుతారు, ఆడవాళ్ళకు వేషం అక్కర్లేదు, ముఖానికి పసుపు రాసుకుంటే చాలు. నిజమే గానీ, నాకు చిన్న సందేహం. పసుపు సరే, ఆ ఎరుపు మాత్రం వారం రోజులు మగవాళ్ళకేనా?

డబ్బా కథ త్వరగా చెప్పేస్తాను. మన ఇళ్ళల్లో అసలైన లిప్ గ్లాస్ చాలాకాలం వ్యాజలీనే. అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో అనే రసాయనవేత్త నూనె బావుల దగ్గర యంత్రాలకు అంటుకునే జిడ్డు నుంచి దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. మెరిసే లిప్ గ్లాస్ అని పేరు పడ్డది 1930లలో, హాలీవుడ్‌లో. పోలండులో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన మాక్స్ ఫ్యాక్టర్ అనే మేకప్ పనివాడు నటీమణుల కోసం తయారుచేశాడు. అప్పటివి నలుపు తెలుపు సినిమాలు. అంతకుముందు వాడిన ఫిల్ముకు ఎరుపు పట్టేది కాదు, ఎర్రగా పూసిన పెదవి తెరమీద నల్లగా పడేది. రంగు తెలియని తెరమీద పెదవికి ప్రాణం రావాలంటే మెరుపు ఒక్కటే దారి. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, 1932 ఫిబ్రవరి 6న.

మన దేశంలో 1952లో టాటా ఆయిల్ మిల్స్ కింద లాక్మే మొదలైంది. విదేశీ సామగ్రి మీద డబ్బు బయటికి పోకూడదని నెహ్రూ అడిగితే జె.ఆర్.డి. టాటా పెట్టారని చెబుతారు. 1961లో సిమోన్ టాటా అందులో అడుగుపెట్టాక అది ఇంటింటి పేరైంది. లాక్మే అన్నది ఒక ఫ్రెంచి సంగీత నాటకంలో నాయిక పేరు, 1883 నాటిది. ఆ పేరు ఎక్కడిదంటే మన లక్ష్మి! ఫ్రెంచివాళ్ళ నోట్లో లాక్మే అయింది. అలమేలుమంగ ఊళ్ళో కూర్చుని ఇన్నాళ్ళూ లక్ష్మి పేరున్న డబ్బాను చూసి సిగ్గుపడ్డామన్నమాట.

ఇంకో తమాషా. లిప్‌స్టిక్కుల్లో ఎక్కువగా ఉండేవి ఏమిటో తెలుసా? మైనం, ఆముదం. ఆముదం చిక్కగా ఉండి రంగును పట్టి ఉంచుతుంది, మెరుపూ ఇస్తుంది. మా అవ్వ కుంకుమ పెట్టెలో ఏముండేవి? కుంకుమ నిలవడానికి నుదుట రాసుకునే తేనె మైనం, అది మెత్తబడటానికి రవ్వంత ఆముదం, ఎర్రటి కుంకుమ. సరుకంతా ఆ పెట్టెలోనే ఉంది. నుదుటి నుంచి నాలుగు అంగుళాలు కిందికి దిగలేదు, అంతే.

ఇక పూసుకునే పద్ధతి. ఇది మా పాప దగ్గర కొంత, అద్దం ముందు కొంత నేర్చుకున్నది.

పెదవి చర్మం చాలా పల్చన. ముఖానికున్నట్టు నూనె గ్రంథులు దానికి లేనట్టే. అందుకే మన రాయలసీమ ఎండకైనా మదనపల్లె చలికైనా ముందు పగిలేది పెదవే. బొడ్డులో నూనె వేస్తే పెదవులు పగలవని మా అమ్మ వేసేది. అది మానక్కర్లేదు గానీ, పెదవికి కూడా కాస్త వెయ్యండి! రాత్రి పడుకునే ముందు నెయ్యో వెన్నో రాసుకోండి. పొద్దున తడిబట్టతో మెత్తగా తుడిస్తే పొట్టంతా పోతుంది. పళ్ళతో పీకకండి, చక్కెరతో గట్టిగా రుద్దకండి. నాలుకతో మాటిమాటికీ తడపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎంగిలి ఆరేకొద్దీ ఇంకా పగులుతాయి. పగుళ్ళ మీద గ్లాస్ వేస్తే పగుళ్ళే మెరుస్తాయి.

ఇరవయ్యేళ్ళ పిల్లలు ఎలా పూసుకున్నా చెల్లుతుంది. పెదవి నిండుగా, అంచు తేటగా ఉంటుంది కాబట్టి. నలభై దాటాక అంచు చెదురుతుంది, పై పెదవి మీద సన్నగా నిలువు గీతలు వస్తాయి. జిడ్డు ఎక్కువైతే గ్లాస్ ఆ గీతల వెంట పైకి పాకుతుంది. ముగ్గులో రంగు గీత దాటినట్టే. అందుకని ముందు మీ పెదవి రంగులోనే ఉండే లిప్ పెన్సిల్‌తో అంచు గీసుకుని, లోపల కూడా అదే పల్చగా పులమండి. గ్లాస్ మాత్రం కింది పెదవి నడుమ ఒక్క బొట్టు చాలు. రెండు పెదవులూ ఒకసారి కలిపి, వేలితో పక్కలకు అద్దండి. అంచుల దాకా పోనివ్వొద్దు. చివర్లు, పై పెదవి పొడిగా ఉన్నా ఏం కాదు, నడుమ మెరుపుంటే పెదవి నిండుగా కనబడుతుంది. తళుకు రేణువులు ఉండేవి మనకొద్దు, అవి గీతల్లో ఇరుక్కుని వయసును ఎత్తి చూపిస్తాయి. మన చామనఛాయకు లేత గులాబీ వేస్తే బూడిద పూసినట్టుంటుంది. ఇటుక రంగు, నేరేడు రంగు, పండు మిరప రంగు చక్కగా అతుకుతాయి. స్కూటీ మీద పోయేటప్పుడు మాత్రం పూసుకోకండి. జుట్టూ దుమ్మూ రెండూ వచ్చి అంటుకుంటాయి, నా అనుభవం.

ఇంట్లో చేసుకుంటామంటే అదీ సులువే. ఒక వంతు తేనె మైనం తురుము, రెండు వంతుల కొబ్బరినూనె, రెండు వంతుల ఆముదం. చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి. మెరుపు ఎక్కువ కావాలంటే ఆముదం పెంచండి. బీట్‌రూట్ కలపమని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ రంగు నీళ్ళలో కరిగేదే తప్ప నూనెలో కలవదు. నేను రెండుసార్లు పాడుచేసుకున్నాక తెలిసింది. పచారీ అంగట్లో రతన్‌జోత్ వేరు దొరికితే నూనెలో నానబెట్టండి, ముచ్చటైన ఎరుపు దిగుతుంది. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపల రాసి ఒకరోజు చూడండి. పెదవి మంట పుట్టినా నల్లబడినా మానేయండి.

అలా చేసిన చిన్న డబ్బా ఒకటి మా అత్త మంచం పక్కన పెట్టాను, రంగు లేనిది. "ఏందిది, వ్యాజలీనా?" అంది. మైనం అత్తా, పగుళ్ళకు అన్నాను. రోజూ రాసుకుంది. రంగున్న డబ్బా పక్కనే పెట్టినా ముట్టుకోలేదు. "నాకెందుకు పాపా, చూసేవోళ్ళు ఏమనుకుంటారు" అంది మనవరాలితో. నేనేమీ అనలేదు. తిరుచానూరులో కొంగుతో తుడుచుకున్నదాన్ని, ఆమెకు నేనేం చెప్పగలను?

ఈ వైశాఖంలో జాతర వచ్చింది. పేరంటాలు వేషం నాడు అమ్మవారికి అంబలి పోయడానికి బయల్దేరుతున్నాం. వీధిలో డప్పులు. ఎదురింటి అబ్బాయి, ఇంజనీరింగ్ చదివేవాడు, వాళ్ళమ్మ చీర కట్టి, పూలు పెట్టుకుని, ఎర్రటి పెదవులతో మా గడపలో నిలబడి "అవ్వా, ఎట్లుండాను?" అన్నాడు. మా అత్త వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి పడీపడీ నవ్వింది.

వాడు పోయాక లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. "పాపా, ఆ ఎర్ర డబ్బా తే" అంది. "ఈ పొద్దు మీసాలోళ్ళే పూసుకుని తిరగతాండారు. ముసల్దాన్ని, నన్నెవురు చూస్తారు?"

మా పాప చేతులు వణికాయి, నేను చూశాను. రతన్‌జోత్ ఎరుపు, కింది పెదవి నడుమ ఒక్క బొట్టు. అత్త రెండు పెదవులూ కలిపి, బొటనవేలితో పెదవి చివర తుడుచుకుంది. వక్కాకు వేసుకున్న రోజుల్లో తుడుచుకున్నట్టే. పదకొండేళ్ళయినా ఆ వేలు మర్చిపోలేదు. అద్దం దగ్గరికి తీసుకుని కాసేపు చూసుకుంది.

"రంగు బాగానే ఉంది మే. కాచు వాసనే లేదు" అంది.

నేను కూడా పూసుకుని అంబలి తపేలా ఎత్తుకున్నాను.